ముడిపడని కనుబొమ్మలు

మా మేనకోడలు చర్మం డాక్టరు. ఈ మాట మా వీధిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పే ఉంటాను, కొందరికి రెండుసార్లు. అలాంటిది ఓ మంగళవారం మధ్యాహ్నం అది నా సెలూన్‌లోకి వచ్చి, నన్ను నా కుర్చీలోనే కూర్చోబెట్టి, నా గుడ్డే నా మెడకి కట్టేసరికి నాకు కాస్త గాభరా వేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీ వెనక నిలబడ్డ మనిషిని. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్త బేరం వచ్చినట్టుంది. రండి, కటింగా గడ్డమా అని నన్ను నేనే అడిగాను.

"మావయ్యా, వేషాలు ఆపు. కనుబొమ్మలు ముడివేసి కోపంగా చూడు," అంది.

చూశాను. నా మటుకు నేను కోపంగానే చూశాను. అద్దంలో ఉన్నవాడు మాత్రం కనుబొమ్మలు రెండూ నెత్తికెక్కించుకుని, చెవులాడిస్తూ, పళ్ళన్నీ బయటపెట్టి, తప్పిపోయిన కుక్కపిల్ల దొరికినవాడిలా ఉన్నాడు. పక్క కుర్చీలో ముఖం నిండా నురగతో వంతు కోసం కూర్చున్న రిటైరైన పోస్టుమాస్టరు గారు అది చూసి నవ్వారు. నురగ నోట్లోకి పోయింది. పాపం చాలాసేపు ఉమ్ముతూనే ఉన్నారు.

చిట్టి మాత్రం నవ్వలేదు. చిట్టి అంటే మేనకోడలే. ముప్పై నిండాయి, తెల్లకోటు వేసుకుంటుంది, పేషెంట్లు లేచి నిలబడతారు, అయినా నా నోటికి చిట్టే. నేను చెవులాడిస్తే నవ్వకపోవడం అది పుట్టాక అదే మొదటిసారి. దాంతో సంగతేదో గట్టిదేనని నాకు అర్థమైంది.

సంగతేమిటంటే, ముఖం మీద ముడతలు పోవడానికి ఇంజెక్షన్లు వేస్తున్నారు కదా ఇప్పుడు. అవి వెయ్యాలంటే వట్టి డాక్టరు చదువు చాలదట, దానికి వేరే పరీక్ష ఉందట. పెద్ద మేడం ఒకావిడ పక్కనే నిలబడి చూస్తుంటే, బతికున్న మనిషి ముఖం మీద ఎక్కడెక్కడ వెయ్యాలో చుక్కలు పెట్టి, కారణాలు చెప్పి, వేసి చూపించాలి. మా చిట్టి ఆ పరీక్ష ఒకసారి తప్పింది. గోడ మీద బొమ్మలో చుక్కలు ఎక్కడున్నాయో, ఎదురుగా కూర్చున్నావిడ ముఖం మీద కూడా స్కేలు పెట్టినట్టు అక్కడే పెట్టిందట. పెద్ద మేడం కాగితం మీద "బొమ్మని చూసింది, మనిషిని చూడలేదు" అని రాసి పంపేసింది. ఇది రెండోసారి. ఇదీ పోతే మళ్ళీ ఏడాది దాకా కూర్చోనివ్వరు. క్లినిక్ వాళ్ళు అంతకాలం ఆగరు. దానికోసం అట్టేపెట్టిన గదీ, తలుపు మీద దాని పేరూ ఇంకెవరికో పోతాయి.

పరీక్ష వచ్చే శనివారం. ముఖం మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నలభై అయిదు దాటిన మనిషై ఉండాలి, ముడతలుండాలి, అంతకుముందు ఆ ఇంజెక్షన్ వేయించుకుని ఉండకూడదు.

ముందు వాళ్ళమ్మని, అంటే మా అక్కని అడిగిందట. సూది అనగానే మా అక్క మంచం కింద ఏదో పడిపోయిందని వంగి, ఇది ఇంటికి వెళ్ళిపోయేదాకా పైకి రాలేదట. తర్వాత మా ఆవిణ్ణి అడిగింది. అడగాల్సిన మనిషే. మా ఆవిడ కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలుండేవి, తలుపు సందులో వేలు పడితే నలిగినట్టు అందులో పడి నా సరదాలన్నీ నలిగిపోయేవి. తీరా చిట్టి లైటు కింద చూస్తే ఏముంది, నుదురు కొత్త పళ్ళెంలా నున్నగా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. మూడు నెలల కిందట స్నేహితురాలితో కలిసి వెళ్ళి చప్పుడు కాకుండా వేయించుకొచ్చిందట. మావయ్యకి చెప్పకు అని ఒట్టు కూడా పెట్టించుకుందట. చిట్టి నా కుర్చీ పక్కన నిలబడి, గుక్క తిప్పుకోకుండా, అంతా నాకే చెప్పేసింది.

ఇక్కడ నా బాధ కూడా చెప్పుకోవాలి. మూడు నెలలుగా మా ఆవిడకి నా మీద కోపం పోయిందని నేను తెగ మురిసిపోతున్నాను. ఇంట్లో ఆడవాళ్ళని ఎలా మంచి చేసుకోవాలో షాపుకొచ్చిన వాళ్ళందరికీ పాఠాలు కూడా చెప్పాను. పోస్టుమాస్టరు గారైతే రాసుకున్నారు. తీరా చూస్తే కోపం ఎక్కడికీ పోలేదు, బయటికొచ్చే దారి మూసేశారంతే. ముప్పై ఏళ్ళుగా ముఖాలు చూసి బతుకుతున్నవాణ్ణి, సొంత పెళ్ళాం ముఖంలో రెండు గీతలు మాయమైతే కనిపెట్టలేకపోయాను. నేను చూసేది జుట్టేనని అప్పుడు తెలిసింది.

అలా తిరిగి తిరిగి పని నా దగ్గరికి వచ్చింది. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ముఖంతో చేసే పని ఏదైనా నాకు వచ్చనుకున్నాను.

చిట్టి తెల్ల పెన్సిల్ తీసి మొదలుపెట్టింది. ఆశ్చర్యపొమ్మంది. చిట్టి వాళ్ళ నాన్న, అంటే మా బావ, పాడటం మొదలుపెట్టాడని ఊహించుకున్నాను, నుదుటి మీద అడ్డగీతలు నాలుగు లేచాయి. అక్కడ వేస్తారట, కానీ మరీ కిందికి వస్తే కనురెప్పలు వాలిపోతాయట. నవ్వమంది. అది నాకు అడగాలా. కళ్ళ చివర గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి, చిట్టి ముఖం వెలిగిపోయింది. ఇంత మంచివి క్లాసులో కూడా చూడలేదట. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది, ఆ గీతల కోసం నేను చేసిన కష్టం ఏదీ లేకపోయినా.

ఇంకా ఎక్కడెక్కడ వేస్తారే అని అడిగాను. ముక్కు చిట్లిస్తే పక్కన పడే గీతలకి వేస్తారట. మూతి ముడిస్తే పైపెదవి మీద వచ్చే సన్నగీతలకి బహు కొద్దిగా వేస్తారట, ఎక్కువైతే ఈల వెయ్యలేమట. నవ్వితే చిగుళ్ళు కనిపించేవాళ్ళకి, గడ్డం గరుకు పడ్డవాళ్ళకి, నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి దవడ దగ్గర, మెడ మీద తాళ్ళలా లేచే నరాల్లాంటివాటికి కూడా వేస్తారట. పరీక్షలో మాత్రం మూడే చోట్లు: నుదురు, కళ్ళ చివర, కనుబొమ్మల మధ్య. గడ్డం కింద వేలాడేదానికి వెయ్యవే అన్నాను. అది కొవ్వు మావయ్యా, ముడత కాదు అంది. పోనీ మీ అత్త నాలుకకి వేస్తారా అని అడిగాను. అది సిలబస్‌లో లేదంది, ఉంటే ముందు నీకే వేసేదాన్నంది.

అంతవరకూ బాగానే ఉంది. కనుబొమ్మల మధ్య దగ్గరే బండి ఆగిపోయింది.

అసలు కిటుకేమిటంటే, ఆ మందు గీతని పూడ్చదట. గీత కింద ఉన్న కండని కొన్నాళ్ళు నిద్రపుచ్చుతుంది. అందుకని కండ ఎటు లాగుతోందో ముందు కళ్ళతో చూడాలి. చూడాలంటే మనిషి ముడివెయ్యాలి. నా ముఖం ఆ ఒక్క పనీ చెయ్యనంటోంది. చిట్టి వేలు పెట్టి నొక్కి చూసింది. అక్కడ కండైతే ఉందట, పని మాత్రం నేర్చుకోలేదట.

ఎలా నేర్చుకుంటుంది. నాకు పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు, కత్తి పట్టుకున్నప్పుడు నొసలు ముడివెయ్యకురా అని. కుర్చీలో ఉన్నవాడు అద్దంలో నీ ముఖమే చూస్తుంటాడు. గొంతు దగ్గర కత్తి, పైన ముడిపడ్డ నొసలు కనిపిస్తే వాడు మెడ వెనక్కి లాక్కుంటాడు, తెగుతుంది. నేనొకసారి ముడివేసినందుకు దువ్వెనతో నెత్తిన ఒక్కటిచ్చాడు కూడా. అప్పట్నుంచీ ఎంత కష్టమైన గడ్డమైనా నా ముఖం పెళ్ళిభోజనానికి వెళ్ళినవాడి ముఖంలానే ఉంటుంది. అలా ముప్పై ఏళ్ళు.

ఆ వారమంతా ఇంటిల్లిపాదీ నాకు కోపం తెప్పించే పనిలో పడ్డారు. మా ఆవిడ తనే ముందుకొచ్చింది, అడిగించుకోలేదు. అన్నం పెడుతూ నా తప్పులన్నీ పెళ్ళినాటి నుంచి వరసగా ఏకరువు పెట్టింది. నేను విని ఆనందించాను. రెండు చోట్ల ఏడాది తప్పు చెప్తే సరిదిద్దాను, ఆవిడ మర్చిపోయినవి మూడు గుర్తుచేశాను. ఆవిడ గొంతులో నిప్పులు కురుస్తున్నాయి, ముఖం చూస్తే వార్తలు చదివే మనిషిలా చల్లగా ఉంది, ఇంక నవ్వు ఎలా ఆగుతుంది. మా అక్క ఫోన్లో చిన్నప్పుడు నేను చేసిన వెధవపనులు చెప్పి తిట్టబోయింది. తన బడి పరీక్ష రోజున చెప్పుల జత విడదీసి ఒకటి కప్పు మీద పెట్టిన సంగతికి వచ్చేసరికి తనే పడీ పడీ నవ్వింది.

చిట్టి నన్ను ఎండలో నిలబెట్టి సూదిలో దారం ఎక్కించమంది. కళ్ళు చికిలించాను, గీతలు కళ్ళ చివరే వచ్చాయి. చేదుమందు మింగించింది. ముక్కు పక్కన గీతలు అద్భుతంగా వచ్చాయి, కానీ అవి పరీక్షలో లేవు. పోస్టుమాస్టరు గారు కూడా తన వంతుగా, ముప్పై ఏళ్ళలో నువ్వు నాకు ఒక్కసారి కూడా సరిగ్గా క్రాఫు చెయ్యలేదు అన్నారు. ఆయన నెత్తి మీద ఉన్నవే పదకొండు వెంట్రుకలు. నేను నవ్వాను. ఆయనకి నిజంగా కోపం వచ్చింది. చిట్టి ఆయన నొసలు చూసి, అంకుల్, శనివారం ఖాళీయేనా అని ఆశగా అడిగింది. శనివారం ఆయన కంటి ఆపరేషన్.

గురువారం సాయంత్రం చిట్టి షాపు మెట్ల మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. కాసేపటికి నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"నవ్వించడానికి నువ్వు ఎప్పుడూ ఉన్నావు మావయ్యా," అంది, నా వంక చూడకుండా. "ఈ ఒక్కసారికి కోప్పడి పెట్టు."

పెడతానన్నాను. మాటిచ్చేశాను. మర్నాడంతా షాపు అద్దంలో ప్రాక్టీసు చేశాను. ఒక కస్టమరుకి సగం మీసం తీస్తూ కూడా చేశాను, ఆయన అద్దంలో నన్ను చూసి మెడలో గుడ్డతో సహా లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. మిగతా సగం ఎవరు తీశారో తెలీదు.

చేసి చేసి విసిగిపోయి గట్టు మీద చూస్తే మీసాలకి వేసే రంగు డబ్బా కనిపించింది. అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. నాకు ఆలోచన రావడం ఎవరికీ మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆ సమయానికి వాళ్ళెవరూ అక్కడ లేరు.

శనివారం పొద్దున్నే షాపు తీసి, గిన్నెలో రంగు చుక్కంత కలిపి, అన్నిటికన్నా సన్న బ్రష్షు తీసుకుని, కనుబొమ్మల మధ్య రెండు నిలువు గీతలు గీశాను. వట్టి గీతలు కాదు. పైన సన్నగా, కింద కాస్త లావుగా, కుడిది ఎడమదానికన్నా వెంట్రుకవాసి పొడుగ్గా. మా ఆవిడవి అచ్చంగా అలాగే ఉండేవి. పదినిమిషాలు ఆరనిచ్చి కడిగాను. అద్దంలో మనిషిని చూసి నేనే పక్కకి తప్పుకున్నాను. బస్సెక్కితే అడక్కుండానే ఒకాయన లేచి సీటిచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు నా కాలు తొక్కి మూడుసార్లు సారీ చెప్పాడు. కోపం ఉన్నవాళ్ళు ఇంత సుఖంగా బతుకుతున్నారా అనిపించింది.

చిట్టికి చెప్పలేదు. లోపలికెళ్ళాక చూసి సంతోషిస్తుందిలే అనుకున్నాను. టోపీ కిందికి లాక్కున్నాను. అది మాత్రం నన్ను చూసే స్థితిలో లేదు, పెదాలు కదిలిస్తూ ఏవో వల్లెవేసుకుంటోంది.

పరీక్ష గదిలో ఎత్తు కుర్చీ ఒకటి, పైన గుండ్రటి లైటు, చక్రాల బల్ల మీద సూదులూ దూదీ. గోడకి పొడుగాటి అద్దం. కిటికీ దగ్గర పెద్ద మేడం. సన్నటి మనిషి, కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. ఊరందరి ముడతలూ తీసే ఆవిడ ముఖం మీద ఒక్క ముడతా తీయించుకోలేదు, అన్నీ వాటి వాటి చోట్లలో కుదురుగా ఉన్నాయి. మంచి ముఖం, గడ్డం చెయ్యడానికి మాత్రం కష్టం అని చిట్టి చెవిలో చెప్పాను. నోరు మూసుకోమంది.

టోపీ తీసింది. స్పిరిట్ దూదితో ముఖం తుడిచింది. కనుబొమ్మల మధ్య ఒకసారి తుడిచింది, రెండోసారి తుడిచింది, మూడోసారి గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే ఉంది, గీతలు నల్లగానే ఉన్నాయి. మంచి సరుకు అది. వేలితో నొక్కి చూసింది. తోలు సాఫీగా కదిలింది, గీతలు దాంతోపాటే ప్రయాణం చేశాయి.

"మావయ్యా, ఏం చేశావ్?" గొంతు లేకుండా అడిగింది.

మీసం రంగు, పదిహేను రోజులు గ్యారంటీ అని నేనూ గొంతు లేకుండానే చెప్పాను. కానియ్, ఆవిడ దూరంగా ఉంది, దాని మీదే చుక్కలు పెట్టెయ్ అని కన్ను కూడా కొట్టాను. నిజానికి పెట్టెయ్యొచ్చు. చెయ్యి తిరిగినవాడు గీసిన గీతలు. కిటికీ దగ్గరనుంచి చూస్తే ఎవరికీ తెలీదు.

చిట్టి పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

"మేడం, ఇవి ముడతలు కావు. రంగు. ఈయనకి కనుబొమ్మలు ముడిపడవు. ఆ సంగతి నాకు ముందే తెలుసు, చెప్పకుండా తీసుకొచ్చాను."

పెద్ద మేడం వచ్చి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. గోరుతో గీకింది. ఎవరు గీశారని అడిగింది. నేనేనండీ, అద్దంలో చూసుకుని గీశాను, కుడి ఎడమలు తారుమారవుతాయి, చాలా కష్టం అన్నాను. మెచ్చుకుంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆవిడ చిట్టి వైపు తిరిగి, ఈ మనిషి పరీక్షకి పనికిరాడు, ఇక్కడితో ఆపేద్దాం అని ఫైలు మూసేసింది.

చిట్టి ఏడవలేదు. సరే మేడం అని వాడని దూదినంతా తీసి డబ్బాలో పెట్టింది. సూదులు వరసగా సర్దింది. పెన్సిల్‌కి మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఆ మూత పెట్టడం చూస్తూ కూర్చున్నాను.

నేను చేసిన తుంటరి పనులకి లెక్కలేదు. వాటివల్ల ఎవరికైనా పోయింది ఓ పూట నిద్రో, ఓ చెప్పో. దీనివల్ల దానికి తలుపు మీద పేరు పోయింది. సాయం చేశాననుకుంటూ బస్సులో కాలు మీద కాలేసుకుని కూర్చుని వచ్చాను. ఏదైనా నవ్వులాట మాట అందామని నోరు తెరిచాను. ఏమీ దొరకలేదు. ముక్కు మొదట్లో ఏదో పట్టేసినట్టయింది, తలనొప్పేమో అనుకున్నాను.

చిట్టి ట్రే ఎత్తుతూ నా వంక చూసి ఆగిపోయింది.

"కదలకు," అంది. "మావయ్యా, ఏం ఆలోచిస్తున్నావో అదే ఆలోచిస్తూ ఉండు. నవ్వావంటే చంపేస్తాను."

ట్రే ఠప్పున పెట్టి పెన్సిల్ లాక్కుని నా మీద పడింది. ఫోన్‌తో ఫొటో కొట్టింది. మధ్యలో ఒక చుక్క, కుడి కనుబొమ్మ మొదట్లో ఒకటి, దానికి కాస్త పైన ఇంకొకటి, ఎడమవైపు రెండు. చేతులు చకచకా ఆడుతున్నాయి, నేను అంచులు కత్తిరించేటప్పుడు నా చేతులు ఆడినట్టు. మేడం, కుడివైపు కాస్త పైకి లాగుతోంది, ఎడమవైపు కిందికి లాగుతోంది, రెండూ ఒకలా లేవు అని గబగబా చెప్తోంది. రంగు గీత మీద సూది పడదు, పక్కనే పడుతుంది అని కూడా చెప్పింది. దానికి నన్ను ఓదార్చాలన్న ధ్యాసే లేదు. నేను దాని జీవితం నాశనం చేశానని కుమిలిపోతుంటే, అది నా కుమిలిపోవడానికి కొలతలు తీసుకుంటోంది.

పెద్ద మేడం ఫైలు తెరిచింది. నిలబడే ప్రశ్నలు మొదలుపెట్టింది. నుదుటి మీద కిందివరకూ ఎందుకు పెట్టలేదంటే, ఈయన ఆ కండతోనే రెప్పలు ఎత్తుకుంటున్నాడు, కిందివరకూ వేస్తే కళ్ళు మూతపడతాయి, పైన కాస్త చాలు అంది చిట్టి. కనుబొమ్మల మధ్య కండ బలహీనం కాబట్టి మందు తగ్గిస్తానంది. కళ్ళ చివర చూపించి, ఇంత గట్టి గీతలకి సగమే వేస్తానంటావేం అని అడిగింది మేడం.

"పూర్తిగా వేస్తే ఈ నవ్వు పోతుంది మేడం. ఈయన షాపుకి జనం దీనికోసమే వస్తారు."

"అది వైద్య కారణమా?"

"కాదండీ. కానీ కారణమే."

మేడం ఏదో రాసుకుంది. ఏం రాసుకుందో చూద్దామని మెడ చాచాను, కూర్చోమంది.

ఇంజెక్షన్లంటారా, చీమలు వరసలో వచ్చి ఒక్కొక్కటీ కుట్టి వెళ్ళినట్టుంటుంది, అంతే. నాలుగ్గంటలు పడుకోవద్దు, రుద్దుకోవద్దు అన్నారు. పడుకోవద్దంటే కూర్చోవడం మాత్రం ఎందుకులే అని నేను ఆ సాయంత్రమంతా నిలబడే ఉన్నాను. మందు ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి పరీక్ష ఇంకా అయిపోలేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ రావాలి, మేడం చూడాలి, అప్పుడు సంతకం.

ఆ రెండు వారాలూ చిట్టి నాతో ముక్తసరిగానే మాట్లాడింది. నేనూ ఒక్క చిలిపి పనీ చెయ్యలేదు. జ్వరమేమోనని మా ఆవిడ నుదురు తాకబోతే, రుద్దకూడదని వెనక్కి దూకాను.

చివరికి ఆ రోజు వచ్చింది. రంగు వెలిసిపోయి, కనిపించీ కనిపించనట్టుంది. అదే కుర్చీ, అదే లైటు. పెద్ద మేడం నన్ను ఆశ్చర్యపొమ్మంది, నుదురు పైన సాఫీగా, రెప్పలు వాలకుండా ఉన్నాయి. నవ్వమంది, కళ్ళ చివర విసనకర్ర సగం విచ్చుకుంది. సరే, కోపంగా చూడమంది. చూశాను. కనుబొమ్మలు కదల్లేదు. చిట్టి ఊపిరి వదిలింది.

మేడం మాత్రం కలం తీయలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తోంది.

"ఇది మందు గొప్పా, ఈయన గొప్పా?" అంది.

నాకు అర్థం కాలేదు. మేడం విడమర్చి చెప్పింది. మందు వెయ్యకముందూ ఈయనకి ముడిపడలేదు, ఇప్పుడూ పడలేదు. మధ్యలో ఒక్కసారి పడిందనుకో, దానికి ఫొటో ఉంది. కానీ ఇవాళ పడనిది మందు వల్లనో, అలవాటు వల్లనో నేనెలా తేల్చను, దేనికని సంతకం పెట్టను అంది. ఆలోచిస్తే నిజమే. ఇన్నాళ్ళూ ముడిపడక చిట్టిని ఏడిపించాను, ఇప్పుడు ముడిపడకపోవడమే కావాల్సి వస్తే, నా ముఖం సాక్ష్యానికి కూడా పనికిరాకుండా పోయింది.

చిట్టి వచ్చి కుర్చీ ముందు మునివేళ్ళ మీద కూర్చుంది. రెండు వారాల్లో మొదటిసారి నా ముఖంలోకి సూటిగా చూసింది, ముడతల కోసం కాకుండా.

"ఆ రోజు ఏం ఆలోచించావ్ మావయ్యా?"

నీళ్ళు నమిలాను. బావ పాట గుర్తొచ్చిందన్నాను. అది కదల్లేదు. తలనొప్పన్నాను. కదల్లేదు. ఇంక తప్పదని, నువ్వు పెన్సిల్‌కి మూత పెట్టావు, తీశావు, మళ్ళీ పెట్టావు, అది చూశాను అన్నాను.

చిట్టి మెల్లిగా, "అదే మళ్ళీ ఆలోచించు," అంది.

ఆలోచించాను. వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, అక్కడే ఉంది.  కనుబొమ్మల మధ్య లోపల ఎవడో భుజం పెట్టి తలుపు తోస్తున్నట్టుంది, ఆ తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఎదురుగా అద్దంలో చూశాను. నుదురు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. ఆ చొక్కా కింద రెండు కళ్ళనుంచీ నీళ్ళు జారి మీసాల్లోకి పోతున్నాయి. అంత ప్రశాంతంగా ఏడ్చే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద మేడం కళ్ళజోడు పెట్టుకుని ముందు కనుబొమ్మలు చూసింది. తర్వాత నీళ్ళు చూసింది. మళ్ళీ కనుబొమ్మలు చూసింది. దూది ముక్క తీసి నా చేతికిచ్చి, కలం మూత తీసి, బల్ల మీద ఫైలు పెట్టుకుని సంతకం చేసింది. రెండు చోట్ల చేసింది.

చిట్టి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచి, ముక్కు తుడుచుకో మావయ్యా, ఆఖరి ఫొటో తియ్యాలి, కోపంగా చూసే ప్రయత్నం చేస్తున్నట్టు పెట్టాలి ముఖం అంది. 

పెట్టాను. కానీ సంతకం అయిపోయింది కదండీ, ఇంక నా పళ్ళు నా మాట వింటాయా. మొదటి ఫొటో చెడిపోయింది. రెండోది చెవుల వల్ల చెడిపోయింది. మూడోదానికి చిట్టే నవ్వి ఫోను కదిపేసింది. ఆరో ఫొటో అయ్యాక పెద్ద మేడం నిట్టూర్చి, నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి, రెండు చేతుల్తో నా తల గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నేరుగా చూడండి అంది. అద్దంలో చూస్తే, కుర్చీ వెనక నిలబడ్డప్పుడు నేను ఎలా ఉంటానో ఆవిడ అచ్చం అలాగే ఉంది. కటింగా, గడ్డమా అని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. ఏడో ఫొటో కూడా పోయింది.